వెళ్లిపోతామని ఎప్పుడు చెప్పాలి? హాంకాంగ్ 1967, నల్గొండ తరగతి గదిలో ఒక కేస్ స్టడీ

నాలుగు రోజులకు ఒకసారి, నాలుగు గంటలు.

బోర్డు మీద ఇంతే రాసి, 1967 జులై 13 నుంచి హాంకాంగ్‌లో నల్లా నీళ్లు వచ్చిన లెక్క ఇదేనని చెప్పాను. హైదరాబాద్‌లో పనిచేసిన రోజుల్లోనూ ఈ మాట చెప్పేదాన్ని. పిల్లలు రాసుకుని పేజీ తిప్పేవారు. నల్గొండలో తరగతి అక్కడే ఆగిపోయింది. మర్రిగూడ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి లేచి, "ఆ నాలుగు గంటలు పగలా మేడమ్, రాత్రా?" అని అడిగింది. వెనక బెంచీ నుంచి ఇంకొకరు, "వరుసలో బిందె పెట్టి ఇంటికి పోతే ఊరుకుంటారా, మనిషే నిలబడాలా?" అన్నారు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లను ఇంట్లోనే చూసిన పిల్లలు వీళ్లు. ట్యాంకరు రాకముందే ఇటుకరాయి పెట్టి వరుస పట్టుకున్న తల్లుల పిల్లలు. సార్వభౌమాధికారం, వలసరాజ్యం అంటూ మూడు వారాలుగా నేను చెప్పిన పాఠం ఎక్కడా అంటుకోలేదు. ఈ నీళ్ల లెక్క మాత్రం వెంటనే అంటుకుంది.

వలసరాజ్యం అన్న మాటతోనే మాకు మొదట ఒక చిక్కు వచ్చింది. పాలమూరులో వలస అంటే ముంబై బస్సు. మక్తల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి వలసరాజ్యం అంటే వలస వెళ్లినవాళ్ల రాజ్యం అనుకున్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే అతను సగం సరిగ్గానే చెప్పాడనిపించింది. ఆనాటి హాంకాంగ్ జనంలో చాలామంది చైనా యుద్ధాలనుంచీ, 1949 తర్వాతి మార్పులనుంచీ తప్పించుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. పాలించేది బ్రిటన్, బతికేది వలస వచ్చినవాళ్లు. ఈ కేసులో కీలకమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

రాజనీతిశాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థులతో ఈ కేసును ఇప్పటికి రెండు విడతలు నడిపాను. మొదటిది చెడింది. ఎందుకు చెడిందో చెప్పాలంటే ముందు కథ తెలియాలి.

ఆ వేసవి

హాంకాంగ్ ద్వీపం, కౌలూన్ కొస బ్రిటన్‌కు శాశ్వతంగా దక్కినవి. మిగిలింది, అంటే ఇంచుమించు పదింట తొమ్మిది వంతుల నేల, 1898లో 99 ఏళ్లకు తీసుకున్న కౌలు. గడువు 1997తో తీరుతుంది. కౌలు అనగానే మా పిల్లలకు ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది. బావి ఒకరిది, చేను ఇంకొకరిది అయితే సేద్యం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

1967 మే మొదట్లో సాన్ పో కాంగ్ అనే చోట ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో కార్మికుల గొడవ మొదలైంది. మే 6న పోలీసులతో ఘర్షణ జరిగింది. పక్కనే చైనాలో సాంస్కృతిక విప్లవం, అంటే మావో పిలుపుతో లేచిన రాజకీయ ఉద్యమం, ఉధృతంగా ఉంది. కూలీ తగాదా నెల తిరగకుండానే వలస పాలన వ్యతిరేక పోరాటమైంది. సమ్మెలు, కర్ఫ్యూలు, జులై నుంచి వీధుల్లో బాంబులు. జులై 8న సరిహద్దు గ్రామం షా టౌ కోక్‌లో అటువైపు నుంచి జరిగిన కాల్పుల్లో అయిదుగురు పోలీసులు చనిపోయారు. ఆగస్టులో నార్త్ పాయింట్‌లో వీధిలో పెట్టిన బాంబు పేలి ఎనిమిదేళ్ల అమ్మాయి, ఆమె చిన్న తమ్ముడు చనిపోయారు. బాంబులను ఎగతాళి చేస్తూ రేడియోలో మాట్లాడిన లామ్ బన్‌ను కారులోనే తగలబెట్టారు. డిసెంబరులో బాంబులు ఆగేసరికి మృతులు 51 మంది.

బీజింగ్‌లో ఇంకొక నాటకం. హాంకాంగ్ ప్రభుత్వం మూడు వామపక్ష పత్రికలను మూసి, పాత్రికేయులను అరెస్టు చేసింది. 48 గంటల్లో నిషేధం ఎత్తివేయాలని ఆగస్టు 20న చైనా గడువు పెట్టింది. బ్రిటన్ ఒప్పుకోలేదు. గడువు తీరిన 22 రాత్రి గుంపులు బ్రిటిష్ దౌత్య కార్యాలయం మీద పడి తగలబెట్టాయి. ఆ సమయానికి కార్యాలయ అధిపతి డొనాల్డ్ హాప్సన్ లోపల పేకాడుతున్నాడు. తలకు దెబ్బతో బయటపడ్డాడు. రాయిటర్స్ విలేకరి ఆంథనీ గ్రే అప్పటికే గృహనిర్బంధంలో ఉన్నాడు. అతను బయటికి వచ్చింది 1969 అక్టోబరులో. హాంకాంగ్‌లో ఎవరిని జైల్లో పెడితే బీజింగ్‌లో ఎవరు మూల్యం చెల్లిస్తారన్న లెక్క ఆ రెండేళ్లూ నడిచింది.

ఇక నీళ్లు. 1965 నుంచి డాంగ్‌జియాంగ్ నది నీళ్లను చైనా హాంకాంగ్‌కు అమ్ముతోంది. ఒప్పందం అక్టోబరు నుంచి జూన్ వరకు. 1967లో వానలు ముఖం చాటేశాయి, జలాశయాలు అడుగంటాయి. అదనంగా నీళ్లు ఇమ్మని హాంకాంగ్ అడిగింది. జవాబు లేదు. ఒప్పందం ప్రకారం అక్టోబరు 1న చైనా మళ్లీ నీళ్లు వదిలింది.

దీన్ని చైనా నీళ్లు ఆపేసిందని రాసేవాళ్లున్నారు. ఆపలేదు. మన సాగర్ ఎడమ కాలువ కింద ఎగువ రైతు తన తూము మూయలేదు, వంతు కాని రోజున ఎత్తలేదు, అంతే. కేసంతటిలో నాకు అన్నిటికన్నా విలువైన ఆధారం ఇది. వీధుల్లో అంత రక్తం కారుతుండగా, పత్రికల్లో అంత రంకెలు వేస్తుండగా, అక్టోబరు 1న నీళ్లు వచ్చాయంటే పక్కవాడికి ఆ ఊరు ఇప్పుడే అక్కర్లేదన్నమాట. హాంకాంగ్‌కు తిండిగింజలు, కూరగాయలు, నీళ్లు అమ్మి చైనా విదేశీ మారకం సంపాదించేది. హాంకాంగ్‌ను దూరాలోచనతో ఉంచుకోవాలి, పూర్తిగా వాడుకోవాలి అన్నది చైనా ప్రధాని చౌ ఎన్‌లై పెట్టుకున్న పద్ధతి.

నాలుగు బల్లలు, పన్నెండు చీటీలు

తరగతిని నాలుగు బల్లలుగా కూర్చోబెట్టాను. మొదటిది గవర్నర్ డేవిడ్ ట్రెంచ్ బల్ల. గట్టిగా ఉండాలి, తగ్గితే మరో మకావ్ అవుతామన్నది దాని వాదం. పక్కనే పోర్చుగల్ చేతిలో ఉన్న మకావ్‌లో 1966 డిసెంబరులో అల్లర్లు జరిగితే, 1967 జనవరి 29న అక్కడి గవర్నర్ క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాత అక్కడ పేరుకే పోర్చుగల్ మిగిలింది. రెండోది బీజింగ్‌లోని దౌత్యవేత్త బల్ల. మీరు అక్కడ చేసే ప్రతి అరెస్టుకూ ఇక్కడ మా తలుపు విరుగుతుందన్నది దాని గోడు. మూడోది లండన్ మంత్రుల బల్ల, నాలుగోది చైనా బల్ల.

లండన్ బల్ల ముందు కాగితాలు ఎక్కువ, డబ్బు తక్కువ. సూయజ్ కాలువకు తూర్పున, ఆసియాలో ఉన్న సైనిక స్థావరాల నుంచి వెనక్కి రావాలని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం ఆ జులైలోనే ప్రకటించింది. అరేబియా కొసన తన చేతిలో ఉన్న ఏడెన్ రేవు నుంచి నవంబరులో వెళ్లిపోయింది. అదే నెలలో పౌండు విలువ 2.80 డాలర్ల నుంచి 2.40కి దిగింది. అత్యవసరంగా ఖాళీ చేయాల్సి వస్తే ఎలా అని లోపల లోపల లెక్కలు కూడా వేసుకున్నారు. చైనా అడ్డుపడితే కుదరదని తేలింది.

మిగిలిన పన్నెండు మందికి చీటీలిచ్చాను. కానిస్టేబుల్, కిరాణా కొట్టు యజమాని, బ్యాంకులో డబ్బు దాచుకున్న గుమాస్తా, నీళ్ల వరుసలో నిలబడ్డ ఇల్లాలు, ఇలా. వీళ్లకు బల్ల లేదు. గోడ పక్కన నిలబెట్టాను. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు.

మొదటి విడత

లండన్ బల్లకు పెద్ద గ్రూప్-2కి చదువుతున్న అబ్బాయి. చురుకైనవాడు, నిజాయతీ గలవాడు. గంటసేపు తర్జనభర్జన పడి వాళ్లు నిర్ణయం చదివారు. కౌలు 1997లో ఎలాగూ తీరుతుంది, పడగొట్టేదాకా పట్టుకు వేలాడటం కన్నా చైనాతో ఇప్పుడే మాట్లాడదాం, పదేళ్లలో మర్యాదగా తప్పుకుంటామని బహిరంగంగా ప్రకటిద్దాం, ప్రజల దగ్గర దాపరికం వద్దు. తర్కం బాగుంది. పూర్తి మార్కులు వేద్దామనే అనుకున్నాను.

అలవాటుగా, గోడ పక్కన ఉన్నవాళ్లను ఈ ప్రకటన రేడియోలో విన్న మర్నాడు పొద్దున మీరేం చేస్తారో చీటీ వెనక రాయమన్నాను. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఊరు వదిలారు, లేదా డబ్బు తీసేశారు, లేదా పక్షం మార్చారు. కానిస్టేబుల్ చీటీ కోదాడ అబ్బాయిది. అతని అన్న నిజంగానే కానిస్టేబుల్. అతను రాసింది ఇప్పటికీ నా దగ్గరుంది: "పదేళ్ల తర్వాత ఎవరు వస్తారో తేలిపోయింది. ఈ రోజు నేను ఎవరిని లాఠీతో కొడతానో, రేపు అతనే మా స్టేషన్‌కు పెద్దవుతాడు. నేను సెలవు పెడుతున్నాను."

ఆనాటి హాంకాంగ్ పోలీసుల్లో అత్యధికులు చైనీయులే. ఆ బలం నిలబడింది కాబట్టే ప్రభుత్వం నిలబడింది. ఆ విషయం రెండు పేజీల నోట్సులో ఇచ్చాను, పిల్లలెవరూ దాన్ని పట్టుకోలేదు. ఆ చీటీలోని నాలుగు ముక్కలు పట్టించాయి. లండన్ బల్ల పెద్ద దాన్ని రెండుసార్లు చదివి కూర్చుండిపోయాడు. గంట మోగింది. ఏ పాఠమూ తేలకుండానే ఆ రోజు తరగతి ముగిసింది.

లండన్ చేసింది

లండన్ నిజంగా చేసింది రెండు సొరుగుల పని. పై సొరుగులో, బయటికి చెప్పేది: మార్పేమీ లేదు, ఉంటాం, శాంతిభద్రతలు కాపాడతాం. సూయజ్ తూర్పు ఉపసంహరణలో హాంకాంగ్‌ను కలపలేదు. కింది సొరుగులో, మంత్రుల సంఘం 1969లో పరిశీలించిన దీర్ఘకాలిక అధ్యయనం. దాని సారం: హాంకాంగ్ భవిష్యత్తు చివరికి చైనాతోనే, అనువైన సమయం చూసి మంచి షరతుల మీద అప్పగింతకు చర్చలు జరపాలి. అంటే గ్రూప్-2 అబ్బాయి తేల్చిందే లండన్ కూడా తేల్చింది. అతను ప్రకటించాడు, వాళ్లు తాళం వేశారు. తేడా అంతే, కానీ కథంతా ఆ తేడాలోనే ఉంది.

వెళ్లేవాడు వెళ్తున్నానని చెప్పిన క్షణం నుంచి పాలించలేడు. ఖాళీ చేయబోయే ఇంటికి అద్దెకున్నవాళ్లు సున్నం వేయరంటారు మా అమ్మ. లండన్ మాత్రం సున్నం వేసింది. 1968లో జిల్లా అధికారులను వీధివీధికీ దగ్గర చేసే పథకం తెచ్చింది, కార్మిక చట్టాలు సవరించింది. 1971లో వచ్చిన గవర్నర్ మాక్‌లెహోజ్ కాలంలో ఇళ్లు, బడులు పెరిగాయి, 1974లో చైనీస్ అధికార భాష అయింది. మంచి పాలన దయతోనే వచ్చిందని నేననుకోను. బేరానికి కూర్చున్న రోజున చేతిలో విలువైనది ఉండాలన్న ఆలోచన అందులో ఉంది. వేరే రకంగా చదివేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు, సున్నం వేసిన గోడ ఎవరికైనా పనికొచ్చేదే.

ట్రెంచ్ గట్టితనమే గెలిపించిందని చెప్పే వాదం మా మగపిల్లలకు బాగా నచ్చుతుంది. నాకు అంతగా నచ్చదు. ఆ అక్కాతమ్ముళ్లు చనిపోయాక, లామ్ బన్ తగలబడ్డాక, వలస పాలనంటే పడనివాళ్లు కూడా బాంబులు పెట్టేవాళ్లకు దూరమయ్యారు. చివరికి ఆపమని డిసెంబరులో బీజింగ్ నుంచే మాట వచ్చింది. లాఠీ నిలబడిన మాట నిజమే, అవతలివాడు దాన్ని విరచాలనుకోలేదన్న మాటా అంతే నిజం.

మా ఊరి 1948

నల్గొండలో ఈ పాఠం చెబితే సెప్టెంబరు 17 రాకుండా ఉండదు. సూర్యాపేట దగ్గరి నుంచి వచ్చే ఒక అమ్మాయి ముత్తాత, పదేళ్ల వయసులో విజయవాడ దారిన సైనిక ట్రక్కులు రావడం చూశాడట. చింతచెట్టు కొమ్మ మీద కూర్చుని లెక్కపెట్టబోతే దుమ్ములో లెక్క తప్పిందని ఇప్పటికీ చెబుతాడట. పిల్లలందరిదీ ఒకే మాట: నిజాం హైదరాబాదూ హాంకాంగే కదా మేడమ్?

ఒక గంట పూర్తిగా దీనికే పోయింది, పోవాల్సిందే. కాదు. హైదరాబాద్ వలసరాజ్యం కాదు, సంస్థానం. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాంకూ మధ్య యథాతథ ఒప్పందం మీద, అంటే ఉన్నది ఉన్నట్టే సాగనిద్దామన్న కాగితం మీద, సంతకాలయ్యాయి, గడువు ఏడాది. ఇరుపక్షాలూ ఆ ఏడాదిని సమయం గెలుచుకోవడానికే వాడుకున్నాయి. ఇంతవరకు పోలిక కుదురుతుంది. ఆ తర్వాత కుదరదు. నిజాం వెళ్లేవాడు కాదు, ఉండిపోవాలనుకున్నవాడు. అతని పక్కనున్న భారత ప్రభుత్వం ఆగాలనుకోలేదు. పల్లెల్లో అప్పటికే దొరలమీద, రజాకార్లమీద పోరాటం నడుస్తోంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి నల్గొండ పల్లె ఎవరి నిర్ణయం కోసమూ కూర్చోలేదు. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం సేన లొంగిపోయింది. యథాతథ స్థితి అంటే అందరికీ ఆగాలనిపించినప్పుడే స్థితి. ఒక్కడికి ఆగాలని లేకపోయినా అది కాగితమే.

ఐక్యరాజ్యసమితి దగ్గర ఇంకొక తేడా ఉంది, పిల్లలు దీన్ని బాగా పట్టుకున్నారు. హైదరాబాద్ తన గోడును భద్రతా మండలి దాకా తీసుకువెళ్లింది, లొంగుబాటు తర్వాత నిజామే దాన్ని ఉపసంహరించుకున్నాడు. హాంకాంగ్ గోడు వినిపించే చోటే లేకుండా పోయింది. 1971లో ఐక్యరాజ్యసమితిలో స్థానం దక్కించుకున్న చైనా, మరుసటి ఏడాదే ఉత్తరం రాసి హాంకాంగ్, మకావ్‌లను వలసరాజ్యాల జాబితా నుంచి తీయించింది. జాబితాలో ఉంటే అక్కడి జనం తమ దారి తాము తేల్చుకోవాలన్న ప్రశ్న వస్తుంది. జాబితాలోంచి పేరు పోయింది, ప్రశ్నా పోయింది. 1967 బాంబులన్నిటికన్నా ఆ ఒక్క ఉత్తరం ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

రెండో విడత

మరుసటి ఏడాది మార్పులు చేశాను. గంట చాలలేదు కాబట్టి రెండు గంటలు. మొదటిసారి చైనా బల్లకు సామగ్రి తక్కువైంది, పెంచాను. లండన్ బల్లకు రెండు కాగితాలు ఇచ్చాను: ఒకటి బయటికి చదవడానికి, ఇంకొకటి రాసి కవరులో పెట్టి అంటించడానికి. కవరు మీద నేనే రాశాను, 30 ఏళ్ల తర్వాత తెరవాలని. బ్రిటన్‌లో ప్రభుత్వ కాగితాలకు ఆనాటి నియమం అదే.

ఈసారి సాఫీగా నడిచింది. లండన్ బల్ల ఉంటామని చదివింది. చీటీల వాళ్లలో ఇద్దరే ఊరు వదిలారు. కానిస్టేబుల్ డ్యూటీకి వెళ్లాడు. కొట్టు తెరిచారు. గవర్నర్ బల్ల చప్పట్లు కొట్టింది.

నీళ్ల వరుసలో ఇల్లాలి చీటీ పట్టుకున్న అమ్మాయి మాత్రం గోడ దగ్గర నుంచి కదిలి లండన్ బల్ల దగ్గరికి వచ్చింది. నారాయణపేట నుంచి వచ్చి చదువుకుంటోంది, మామూలుగా తరగతిలో నోరు విప్పదు. "మాకు బల్ల లేదు కదా మేడమ్, మా గురించే కదా ఈ కవరు?" అంది. నిజంగానే లేదమ్మా, అక్కడి శాసన మండలికి ఎన్నికైన సభ్యులు మొదటిసారి వచ్చింది 1985లో, అప్పగింత ఒప్పందం మీద సంతకాలైంది అంతకు ముందే, 1984 డిసెంబరు 19న, రెండు ప్రభుత్వాల మధ్య, అని చెప్పాను.

ఆమె కవరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు ఎత్తి పట్టింది. మందపు కాగితం, ఏమీ కనిపించలేదు.

"ఇచ్చేయమ్మా," అన్నాను.

"ఇస్తాను మేడమ్. ఇది తెరిచేది ఊరు అప్పగించక ముందా, అప్పగించాకనా?"

1969కి 30 కలిపాను. ఊరు చేతులు మారింది 1997 జులై 1న. కాగితాలు తెరిచేది 2000 జనవరిలో. బోర్డు మీద రెండు తేదీలూ ఒకదాని కింద ఒకటి రాసి చాక్‌పీసు పక్కన పెట్టాను. ఆమె వాటిని తన చీటీ వెనక రాసుకుని, కవరు నా చేతికిచ్చి, మళ్లీ గోడ పక్కకు వెళ్లి వరుసలో నిలబడింది.